కట్టన్నా!

చెన్నై, సాలిగ్రామం
3 జూన్ 2025

పెదనాన్నా,

నమస్కారం. ఈ కవరు ఎవరిదా అని మీరు నాలుగుసార్లు తిప్పి చూసే ఉంటారు. నేను మధులతను, మీ తమ్ముడు గవర్రాజు కూతుర్ని. మీరు నన్ను చివరిసారి చూసినప్పుడు ఇంటర్మీడియెట్ చదువుతున్నాను. ఇప్పుడు ఇరవై తొమ్మిదేళ్లు. ముందు జుట్టులో రెండు తెల్ల వెంట్రుకలు కూడా వచ్చాయి.

మొన్న ధైర్యం చేసి మీ ఇంటికి ఫోన్ చేశాను. పెద్దమ్మ ఎత్తింది. నా పేరు రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత, "మీ పెదనాన్నకి సెవుడొచ్చేసిందే అమ్మా. ఫోన్లో ఏటీ ఇనిపించదు. ఉత్తరం రాయ్, సదువుకుంటాడు. పేపరొత్తే సివరి పేజీ దాకా నమిలేత్తాడు" అంది. మీకు చెవుడని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నేను మీకు రాస్తున్న సంగతి కూడా ఎవరికీ తెలియదు. తెలియనివ్వకండి.

నేను ఇక్కడ తమిళ సినిమాలకు తెలుగు మాటలు రాస్తాను. అక్కడ హీరో నోరు మూడుసార్లు తెరిస్తే నేను కూడా తెలుగులో మూడుసార్లే తెరిపించాలి. విన్నంత తేలిక కాదు. తమిళంలో 'అవసరం' అంటే తొందర. ఆ సంగతి తెలియని కొత్తలో ఒక పెళ్లికొడుకు చేత "నాకు చాలా అవసరం" అనిపించాను. పాపం, అతను తొందరగా రైలు ఎక్కాలంటున్నాడు. హాలంతా ఒకటే నవ్వు.

ఇప్పుడొక పెద్ద సినిమా వచ్చింది. పేరు చెప్పకూడదని సంతకం పెట్టించుకున్నారు. రెండు కుటుంబాలు, తాతలు అన్నదమ్ములు, ఒకే హార్బర్, రెండు తరాల పగ. డబ్బింగ్ చూసుకునే నరేష్ గారికి ఇది తెలుగులో అచ్చం మన విశాఖ హార్బర్‌లా వినిపించాలట. "నువ్వు అక్కడి దానివే కదా" అని నా నెత్తిన పెట్టారు. మేం హార్బర్ వదిలి కూర్మన్నపాలెం వెళ్లిపోయి పదకొండేళ్లయింది, నా నాలుక స్టీల్ ప్లాంటు క్వార్టర్స్ తెలుగు అయిపోయింది. అందుకే మిమ్మల్ని పట్టుకున్నాను.

మొదటి చిక్కు. తమిళంలో 'పంగాళి' అనే మాట ఉంది. అన్నదమ్ముల బిడ్డ, కానీ శత్రువు కూడా. నేను 'దాయాది' అని రాస్తే నరేష్ గారు, "ఎవడంటాడమ్మా ఈ మాట?" అన్నారు. మన వాళ్లు ఏమంటారు? ఆ ఇద్దరూ ఒకరినొకరు 'బావ' అనుకోవచ్చా?

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
మధులత


ఫిషింగ్ హార్బర్, విశాఖపట్నం
14 జూన్ 2025

మధూ,

కవరు తిప్పి చూడలేదు. 'ళ' తోకను అలా కిందికి ఈడ్చేది మన ఇంట్లో ఒక్క గవర్రాజే. వాడి కూతురివని గుమ్మంలోనే తెలిసింది.

ముందు ఒక మాట. ఈ 'మీరు' ఏమిటి? నా భుజం మీద కూర్చుని సొరచేప కంట్లో వేలు పెట్టిన పిల్లవి నువ్వు. మళ్లీ 'మీరు' అని రాస్తే కవరు చింపకుండానే వెనక్కి పంపేస్తాను. ఇంకో మాట. రాసేటప్పుడు నాకు బడి తెలుగే వస్తుంది, పదో తరగతి దాకా మాస్టారు వేళ్ల మీద కొట్టి నేర్పింది. నోరు తెరిస్తే మన తెలుగే. ఆ నోటికి ఈ మధ్య పని తగ్గింది.

ముప్పై ఏళ్లు ఇంజను పక్కన నిలబడి బోటు నడిపాను. సరంగు అని పిలిపించుకున్నన్నాళ్లూ ఆ పిలుపు బాగానే ఉంది. ఇప్పుడు కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమది పావు వంతు మిగిలింది. మీ పెద్దమ్మ జోగమ్మ తిట్లు మాత్రం ఆ పావులోంచి బ్రహ్మాండంగా లోపలికి వచ్చేస్తాయి. చెవి మిషను పెట్టి చూశాను. కాకులు వినిపించాయి, ఐసు ఫ్యాక్టరీ వినిపించింది, మనుషులు వినిపించలేదు. తీసి డబ్బాలో పెట్టేశాను.

నీ మాటకి వస్తాను. మన దగ్గర 'పాలోడు' అంటారు. పాలు అంటే వాటా. వేట నుంచి వచ్చాక చేపలు కుప్పలు పోసి మనిషికొక పాలు, వలకొక పాలు, బోటుకొక పాలు అని పంచుతారు చూడు, ఆ పాలే. ఒకే తాత సొత్తులో పాలున్నవాడు పాలోడు. మన ఇంట్లో చావొస్తే మైల పట్టేది వాడే. మన గోడ మీద గోడ లేపేదీ వాడే.

ఇక బావ. ఇక్కడ ఆ మాటకి విలువ పోయింది. ఐసు కొట్టేవాడు బావ, ఆటోవాడు బావ, నా కాలు తొక్కినవాడు కూడా "సారీ బావా" అంటాడు. కానీ పాలోడిని బావ అనరు. వాడు అన్నో తమ్ముడో అవుతాడు. ఎంత పగ ఉన్నా వరస మారదు. నీ సినిమాలో వయసులో పెద్దవాడిని రెండోవాడు 'అన్నా' అనే పిలవాలి, కత్తి పట్టుకున్నా సరే.

ఇంతకీ ఆ రెండిళ్లకీ పగ ఎక్కడ మొదలైంది? సగం చెప్పి వదిలేశావు, నాకు కడుపు ఉబ్బిపోతోంది. సినిమా హాలుకి వెళ్లినా నాకు వినబడదు, నువ్వు రాస్తే చదువుకుంటాను. మీ పెద్దమ్మ కూడా, "ఆడి పెళ్లాం ఎవలో అడుగు" అంటోంది.

మీ నాన్న ఎలా ఉన్నాడని నేను అడగడం లేదు.

పెదనాన్న


చెన్నై
25 జూన్ 2025

పెదనాన్నా,

నువ్వు, నువ్వు, నువ్వు. చాలా?

'పాలోడు' నరేష్ గారికి తెగ నచ్చింది. స్టూడియోలో అందరూ ఒకరినొకరు "ఏరా పాలోడా" అనుకుంటున్నారు. టీ తెచ్చే చందు నన్ను కూడా అనబోయి ఆగిపోయాడు.

నువ్వు అడగలేదు కాబట్టి నేనూ చెప్పడం లేదు, మా నాన్న అచ్యుతాపురంలో ఒక కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ చేస్తున్నాడు. షుగరు కొంచెం ఉంది. అమ్మ దాచిపెట్టిన జీడిపప్పు ఎక్కడుందో ఇంకా కనిపెట్టేస్తున్నాడు.

ఇక కథ. హీరో తండ్రికీ, ఆయన పాలోడికీ హార్బర్ సంఘం పెద్దరికం గురించి పోటీ. బయటికి మాత్రం అన్నా తమ్ముడూ అనుకుంటూ ఉంటారు. ఒకరోజు తుఫాను. ఇద్దరి బోట్లూ తాడుతో కలిపి ఉన్నాయి. హీరో తండ్రి తన బోటు మీంచి ఏదో అరుస్తాడు. ఆ పాలోడు నవ్వి, కత్తి తీసి తాడు కోసేస్తాడు. బోటు కొట్టుకుపోతుంది. ఒడ్డున నిలబడి ఎనిమిదేళ్ల పిల్లాడు చూస్తాడు, వాడే హీరో. ఇరవై ఏళ్ల తర్వాత తిరిగొస్తాడు. అక్కడి నుంచి నరుకుడే నరుకుడు. పెద్దమ్మకి చెప్పు, హీరోకి పెళ్లాం లేదు, విలన్ కూతురు ఉంది.

ఆ తుఫాను సీనుకి మాకు బొమ్మ వచ్చింది కానీ మాటలు ఇంకా రాలేదు. తాడు జారిపోతుంటే ఆ మనిషి రెండో బోటువాడికి ఏమని అరుస్తాడు? మనవాళ్లయితే ఏమంటారు? రెండు ముక్కల్లో ఉండాలి, నోరు రెండుసార్లే తెరుచుకుంటోంది. నీకు తెలియకుండా ఉండదు.

క్లైమాక్సు అడక్కు. సంతకం పెట్టాను.

నీ మధు


హార్బర్
20 జూలై 2025

మధులతకు,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలయింది. జవాబు రాయకూడదనే అనుకున్నాను.

మీ నాన్న చెప్పి రాయించాడా ఇదంతా? పదకొండేళ్లు గేటు దగ్గర కూర్చుని ఆలోచించి చివరికి ఈ తెలివితేటలు చూపించాడా? నోటితో అనలేనిది కూతురి చేత, సినిమా పేరు చెప్పి అనిపించాలా? రెండు బోట్లు, తుఫాను, తాడు, అన్న నవ్వడం. నేను నవ్వలేదు. అది మాత్రం వాడికి చెప్పు. మిగతావి ఎవరేమనుకున్నా సరే, నేను నవ్వలేదు.

అతను ఏమని అరుస్తాడో నన్నే అడుగుతున్నావు. ఏమని అరిచాడో అరిచినవాడికి తెలియదా?

ఇంక నాకు ఉత్తరాలు రాయకు.

అప్పలసూరి


చెన్నై
28 జూలై 2025

పెదనాన్నా,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. చింపేసే ముందు ఈ ఒక్కటీ చదువు.

మా నాన్నకి ఈ ఉత్తరాల సంగతే తెలియదు. అమ్మ మీద ఒట్టు. ఈ కథ రాసింది మదురైలో ఎవరో. హార్బర్ సినిమా అంటే తుఫానూ తాడూ లేకుండా ఎవరూ తీయరు, నేనే ఇలాంటివి రెండు రాశాను. నేను నిన్ను విలన్ని చేశాననుకున్నావా? నీ ఉత్తరం స్టూడియో మెట్ల మీద కూర్చుని చదివాను. ఏం తప్పు చేశానో తెలియక అక్కడే ఏడ్చేశాను.

నిజం చెబుతున్నాను, మీ ఇద్దరి మధ్యా ఏం జరిగిందో నాకు తెలియదు. హుద్‌హుద్ తుఫాను నాటికి నేను విజయనగరంలో హాస్టల్లో ఉన్నాను. ఇంటికి వచ్చేసరికి బోటు లేదు, నాన్న భుజానికి కట్టు ఉంది, సామాను ఆటోలో ఎక్కి ఉంది. ఏమయిందని అడిగితే అమ్మ, "మీ పెదనాన్నని అడుగు" అంది. నాన్న, "ఆ పేరెత్తకు" అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడు నీ ఊసొచ్చినా లేచి వెళ్లి బూట్లు పాలిష్ చేసుకుంటాడు. మా ఇంట్లో ఆ బూట్లంత మెరిసే వస్తువు ఇంకోటి లేదు.

నేను మాటల కోసమే నీకు రాశాను అనుకున్నాను. ఇప్పుడు చూసుకుంటే అది పూర్తిగా నిజం కాదేమో. పదకొండేళ్లుగా నాకు ఇది బుర్రలో తిరుగుతోంది. అమ్మ నిన్ను అడగమంది కదా, అడుగుతున్నాను. ఏమయింది?

మధు


హార్బర్
10 ఆగస్టు 2025

అమ్మా మధూ,

తిట్టినందుకు ఏమనుకోకు. మీ నాన్నకి సినిమా తీయించేంత డబ్బు లేదని కోపం తగ్గాక గాని తోచలేదు. మీ పెద్దమ్మ నీ ఉత్తరం చదివించుకుని, "సిన్నపిల్లని ఏడిపించినావు, నీకు ఈ పూట కూడు లేదు" అంది. అన్నట్టే పెట్టలేదు.

నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఇన్నేళ్లలో అడిగింది నువ్వొక్కర్తివే.

హుద్‌హుద్ రోజు పొద్దున్న బోట్లన్నీ ఒకదానికొకటి కట్టి ఉన్నాయి. జెట్టీకి నా బోటు, నా బోటుకి మీ నాన్న బోటు. గాలి పెరిగాక ఎవరి బోటు మీద వాళ్లం నిలబడ్డాం. రెండూ గుద్దుకుంటున్నాయి. అలాంటప్పుడు ఒక్కోసారి ఇంకో తాడు వేసి బిగిస్తారు. ఒక్కోసారి రెండూ పగిలిపోకుండా తాడు కోసి వదిలేస్తారు, దానికి 'కట్' అనే అరుస్తాం. ఏది చెయ్యాలో బయటి బోటువాడే చెప్పాలి, అల వచ్చేది వాడికే కనబడుతుంది. మీ నాన్న చెయ్యి ఊపుతూ అరిచాడు. నాకు వినబడింది ఇది. "కట్... అన్నా... కట్!" నా చేతిలో కత్తి ఉంది. కోసేశాను.

వాడు అన్నది "కట్టన్నా, కట్టు" అని. రెండో తాడు కట్టమన్నాడు. ఆ సంగతి తాడు నీళ్లలో పడ్డాక వాడి ముఖం చూస్తే తెలిసింది. ఆ ముఖం నేను ఇప్పటికీ చూస్తూనే ఉన్నాను. బోటు రాళ్లకి తగిలి రెండు ముక్కలయింది. వాడు దూకాడు, బతికాడు, భుజం విరిగింది. మళ్లీ వల లాగలేదు. సముద్రం మీద పుట్టినట్టు తిరిగేవాడు, తీసుకెళ్లి గేటు దగ్గర కూర్చోబెట్టాను.

అప్పలసూరి తన బోటు కాపాడుకోవడానికి తమ్ముడి తాడు కోసేశాడని హార్బరంతా అన్నారు. నేను కాదనలేదు. కాదంటే నాకు సరిగ్గా వినబడలేదని ఒప్పుకోవాలి. అప్పటికే రెండేళ్లుగా చెవులు తేడాగా ఉన్నాయి, ఎవరికీ తెలియనివ్వలేదు. ఎనిమిది మందిని సముద్రంలోకి తీసుకెళ్లే సరంగుకి చెవుడంటే మర్నాడు చుక్కాని ఎవరిస్తారు? సిగ్గుతో నోరు మూసుకున్నాను. వాడొచ్చి అడిగితే చెబుదామనుకున్నాను. వాడు అడగలేదు. అడగలేదని నాకు కోపం. కోపం తెచ్చుకోవడానికి నాకు ముఖం లేదని తెలిసి ఇంకా కోపం.

నాలుగేళ్ల తర్వాత బోటు ఎలాగూ వదిలేశాను. అప్పుడైనా వెళ్లి చెప్పాల్సింది. కూర్మన్నపాలెం జంక్షన్ దాకా రెండుసార్లు వెళ్లి టీ తాగి తిరిగొచ్చాను.

కాబట్టి నీ సినిమాలో 'కట్టు' అనే మాట మాత్రం రాయకు. గాలిలో అది వేరేలా వినబడుతుంది. 'లాగన్నా, లాగు' అని రాయి, అది ఎవరికైనా ఒకలాగే వినబడుతుంది. నీ పేరు పడుతుందని మీ నాన్న తప్పకుండా ఆ సినిమాకి వెళ్తాడు. చీకట్లో కూర్చుని వాడు ఆ మాట మళ్లీ వినకూడదు.

ఇదంతా వాడికి చెప్పకు, నా మీద ఒట్టు. చెవిటివాడని జాలిపడి వాడు రావడం నాకు వద్దు. వస్తే నన్ను అడగడానికి రావాలి. ఎడమ చెవి కూడా వచ్చే వేసవి దాకా ఉండదని డాక్టరు చెప్పాడు. పోతే పోయింది, నాకు అంత బాధ లేదు. వాడు 'అన్నా' అని పిలవడం ఒక్కసారి వినాలని ఉంది, అంతే.

ఒక్క సంగతి చూసి చెప్పు. ఆ మూడు గంటల సినిమాలో 'ఎందుకు కోశావు' అని ఒక్కడైనా అడుగుతాడా?

పెదనాన్న


చెన్నై
22 ఆగస్టు 2025

పెదనాన్నా,

మొత్తం కాగితాలు ముందేసుకుని వెతికాను. 'చంపేస్తా' ముప్పై ఒక్కసార్లు ఉంది. 'రక్తం' పంతొమ్మిది. 'మా అయ్య' లెక్కలేదు. 'ఎందుకు' అనే మాట నాలుగుసార్లు వచ్చింది, అందులో రెండు హీరోయిన్ "ఎందుకు లేటు" అనడం. తాడు ఎందుకు కోశావని ఎవరూ అడగలేదు. హీరో అడగడు, వాళ్లమ్మ అడగదు, పోలీసు కూడా అడగడు. నువ్వు అనేదాకా నాకూ తోచలేదు. ఎన్ని పగ సినిమాలు రాశానో, ఎక్కడా ఎవరూ అడగలేదు.

'లాగన్నా, లాగు' అని రాసేశాను. నోరు కూడా సరిగ్గా కలిసింది. గొంతు ఇచ్చే అతను బాగానే అరిచాడు. ఇక నువ్వు నిశ్చింతగా ఉండు.

నాన్నతో ఫోన్లో మాట్లాడుతుంటే ప్రతిసారీ నాలుక చివరిదాకా వచ్చేస్తోంది. ఒట్టు వేయించుకుని నన్ను చంపేశావు. నిన్న నేను ఊరికే, "నాన్నా, నీకు పెదనాన్న గొంతు గుర్తుందా?" అన్నాను. "నాను గేటు కాడున్నాను, లారీ వచ్చింది, పెట్టెయ్" అన్నాడు. లారీ శబ్దమేమీ వినబడలేదు నాకు.

పెద్దమ్మని అడిగానని చెప్పు. ఆ పూట అన్నం పెట్టనందుకు థాంక్స్ కూడా.

నీ మధు


చెన్నై
30 సెప్టెంబర్ 2025

పెదనాన్నా,

ఈ ఉత్తరం రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఆ సీనుకి తమిళం మాటలు వచ్చాయి. అతను అరిచేది 'కట్టుణ్ణే' అని. తమిళంలో కూడా కట్టు అంటే కట్టే. నరేష్ గారు నా కాగితం పక్కన పడేసి, "అమ్మాయ్, రెండు భాషల్లోనూ దేవుడు ఒకటే మాట పెట్టాడు. పెదాలు పెదాలకి అతికినట్టున్నాయి. నువ్వు లాగు అంటావేంటి?" అన్నారు. వద్దన్నాను. ఎందుకన్నారు. కారణం చెప్పలేకపోయాను. చెబితే నీ కథ స్టూడియో అంతా టీతో పాటు తిరుగుతుంది. 'కట్టన్నా, కట్టు' అని మళ్లీ చెప్పించేశారు. నేను గాజు అద్దం ఇవతల కూర్చుని విన్నాను.

సినిమా అక్టోబర్ పదిన వస్తోంది, శుక్రవారం. గాజువాకలో కూడా వేస్తున్నారు. నాన్న శనివారం మ్యాట్నీకి అమ్మకీ తనకీ టిక్కెట్లు తీసేసుకున్నాడు, గేటు దగ్గర అందరికీ చెప్పాడట. వెళ్లొద్దని చెబుదామంటే 'ఎందుకు' అని అడుగుతాడు. నీ దగ్గర తప్ప ప్రపంచంలో అందరి దగ్గరా ఎందుకని అడిగే మనిషి ఆయన.

నువ్వు ఒక్కటే అడిగావు నన్ను. అదొక్కటీ చేయలేకపోయాను. తిట్టు, ఈసారి నాకు తగినదే.

మధు


హార్బర్
12 అక్టోబర్ 2025, ఆదివారం

మధూ,

నిన్ను తిట్టడానికి శుక్రవారం కాగితం తీశాను. పైన కొట్టివేసిన రెండు లైన్లూ అవే. చదవడానికి ప్రయత్నించకు, గట్టిగా కొట్టేశాను.

నిన్న సాయంత్రం జెట్టీ మీద కూర్చుని పొరుగువాడి వల బాగుచేస్తున్నాను. నా ముందు ఒక జత బూట్లు వచ్చి ఆగాయి. అద్దంలా మెరుస్తున్నాయి. నువ్వు రాసింది గుర్తొచ్చి, తల ఎత్తకముందే ఎవరో తెలిసిపోయింది.

జుట్టు సగం నెరిసింది. ఒక భుజం కిందికి దిగి ఉంది. ఆ భుజం నా పనే.

వాడు నా పక్కన కూలబడి మాట్లాడటం మొదలుపెట్టాడు. పెదాలు కదులుతున్నాయి, మోకాలు చరుచుకుంటున్నాడు, కళ్ల వెంట నీళ్లు. ఎంతసేపు మాట్లాడాడో తెలియదు, నాకు ఒక్క ముక్క వినబడలేదు. వాడు కూర్చున్నది నా కుడి పక్కన. పదకొండేళ్లుగా దాచిపెట్టుకున్నదంతా చచ్చిపోయిన చెవిలో పోసేస్తున్నాడు. ఆపితే మళ్లీ మాట్లాడడేమోనని భయం వేసి, అన్నీ వింటున్నవాడిలా తల ఊపుతూ కూర్చున్నాను.

మీ పెద్దమ్మ గుమ్మంలోంచి చూసి పరుగెత్తుకొచ్చింది. "ఓరి గవర్రాజా! ఆ సెవి పోనాదిరా! ఎవలికి సెప్తన్నావు? ఇటు రా, ఇటు కూకో!" ఆ కేక నాకు కూడా వినబడింది.

వాడు ఆగిపోయాడు. నా చెవి వంక చూశాడు, నా ముఖం వంక చూశాడు. లేచి చుట్టూ తిరిగి ఎడమ పక్కకి వచ్చాడు. ఇందాక అన్నవేవీ మళ్లీ అనలేదు. చెవి దగ్గర నోరు పెట్టి ఒక్కటే అడిగాడు.

"ఎందుకు కోసీసావన్నా?"

'అన్నా' అన్నది స్పష్టంగా వినబడింది మధూ. దాని ముందున్నది వినబడకపోయినా తెలిసేదే.

చెప్పాను. "కట్టమన్నావని తెలీదురా. కట్ అన్నావనుకున్నాను. అప్పటికే నాకు సెవులు సరిగ్గా నేవు. సెప్పడానికి సిగ్గేసింది" అన్నాను. ఇంత చిన్న మాటకి ఇన్నేళ్లు పట్టింది. వాడు నా చొక్కా పట్టుకున్నాడు. కొడతాడేమో అనుకున్నాను, కొట్టినా బాగుండేది. నా భుజం మీద తల పెట్టి చిన్నప్పటిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. హార్బర్‌లో సగం మంది పని ఆపి చూశారు. చూడనీ, అప్పుడు మాత్రం ఎంతమంది మాట్లాడుకోలేదు.

హాల్లో ఏం జరిగిందో మీ అమ్మ తాయారు మీ పెద్దమ్మకి చెప్పింది, మీ పెద్దమ్మ నాకు అరిచి చెప్పింది. ఆ తుఫాను సీను వచ్చింది. గాలి హోరు, అలల హోరు, ఆ మనిషి అరిచాడు. వెనక సీటువాడు, "ఓలమ్మ, కట్ కట్ అని ఆడే అంటన్నాడు కదేటి, కోత్తే మరి పగెందుకు?" అన్నాడట. మీ నాన్న గిరుక్కున వెనక్కి తిరిగి, "ఏటన్నాడు?" అన్నాడట. "కట్ అన్నాడు బావా." పక్కవాణ్ణి అడిగాడు. వాడూ కట్ అనే అన్నాడు. ఒకావిడ, "కాదు, కట్టు అన్నాడు" అంది. వరస వరసంతా పోట్లాట, సగం మంది కట్, సగం మంది కట్టు. టార్చిలైటు వాడొచ్చి కూర్చోమంటే మీ నాన్న వాణ్ణి కూడా అడిగాడట. అన్నిటికంటే ముందు, ఆ మాట పుట్టించిన మీ నాన్నకే ఆ హోరులో కట్ అని వినబడిందట. లేచి మీ అమ్మ చెయ్యి పట్టుకుని బయటికొచ్చి ఆటో ఎక్కాడు. దారిలో మీ అమ్మ ఎన్ని అడిగినా, "అన్నని ఒకటి అడగాల" అన్నాడట, అంతే.

నరేష్ గారికి నా నమస్కారాలు చెప్పు. ఎందుకని అడిగితే చెప్పకు.

రాత్రి ఇద్దరూ ఇక్కడే ఉండిపోయారు. పొద్దున్న వాడు నా చెవి మిషను డబ్బాలోంచి తీసి, తిప్పి తిప్పి చూసి, దీన్ని బాగుచేయించేవాడు తన కంపెనీలో ఎవరో ఉన్నాడని జేబులో వేసుకున్నాడు. మాట్లాడేటప్పుడు ఇప్పుడు చెయ్యి కూడా ఆడిస్తున్నాడు. కట్టడం అంటే ముడి వేసినట్టు, కోయడం అంటే కత్తి గీసినట్టు. నాకు నవ్వొచ్చింది, వాడికీ వచ్చింది.

సినిమా మొదటి సగం నువ్వు రాసి చెప్పావు. రెండో సగం మా ఇద్దరికీ తెలియదు. వాళ్లలో ఎవరైనా చివరికి అడుగుతారేమోనని నాకు ఇంకా ఆశగా ఉంది. నువ్వు లేదన్నావు, కానీ నేను చూడాలి. వచ్చే ఆదివారం నలుగురం గాజువాక వెళ్తున్నాం. క్లైమాక్సు రాయకు. నాకు వినబడనివన్నీ మీ నాన్న చెబుతానన్నాడు. ఎడమ పక్క సీటు వాడిదేనని ఇప్పుడే చెప్పి ఉంచాను.

నీ పెదనాన్న